చెయ్యి దూరని చోటు

అపార్ట్‌మెంట్లు అమ్మేవాళ్ళ కరపత్రాల్లో ఒక మాట తప్పకుండా ఉంటుంది. 'కన్సీల్డ్'. కన్సీల్డ్ వైరింగ్, కన్సీల్డ్ ప్లంబింగ్, కన్సీల్డ్ ఫిట్టింగ్స్. దాచిపెట్టడమే ఇక్కడ నాణ్యతకు గుర్తు. పైపు కనిపిస్తే పాతకాలపు ఇల్లు, కనిపించకపోతే కొత్త ఇల్లు. మా అమ్మమ్మగారి పెరట్లో ఉన్న కుళాయికి దాచుకోవడానికేమీ లేదు. నేలలోంచి లేచిన ఇనప గొట్టం, దాని కొసన ఇత్తడి కుళాయి. కారితే విప్పేవాళ్ళు. అరిగిన వాషర్ తీసేసి, పాత సైకిల్ ట్యూబులోంచి గుండ్రంగా కోసిన రబ్బరు ముక్క పెట్టేవాళ్ళు. అది మగవాళ్ళ పనే అనుకున్నా, పక్కన నిలబడి చూసే ఆడపిల్లకి కూడా ఎలా చేస్తారో తెలిసిపోయేది. ఇప్పుడు చూద్దామన్నా కనిపించేదేమీ లేదు. టైల్స్ మీద మెరిసే ఒక పళ్ళెం, దాని మీద ఒక పిడి. అసలు యంత్రమంతా గోడలో సమాధి అయి ఉంటుంది.

ఎవరి కోసం ఈ దాపరికం? అందం కోసం అంటారు. కానీ ఏ వస్తువునైనా దాచిపెట్టామంటే, దాన్ని రోజూ వాడే మనిషికీ దాని మర్మానికీ మధ్య ఒక గోడ కట్టినట్టే. ఇంట్లో నీళ్ళు ఎక్కువగా వాడేది ఎవరో, ఆ నీళ్ళు ఎటునుంచి ఎటు వస్తున్నాయో అతి తక్కువగా తెలిసింది ఎవరికో ఆలోచిస్తే, రెండు ప్రశ్నలకూ ఒకటే జవాబు వస్తుంది. ఇది యాదృచ్ఛికం అనుకోలేను.

నేనుండేది నిజాంపేటలో. ఒకప్పుడు ఇది రంగారెడ్డి జిల్లాలో ఒక గ్రామ పంచాయతీ. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ మొదలయ్యాక, ఆ చుట్టుపక్కల అద్దెలు భరించలేని ఉద్యోగులకు ఇల్లు దొరికే చోటుగా పెరిగింది. చెరువుల పక్కనా బండరాళ్ళ మీదా అయిదంతస్తుల అపార్ట్‌మెంట్లు లేచాయి. 2019లో బాచుపల్లి, ప్రగతినగర్‌లతో కలిపి దీన్ని మునిసిపల్ కార్పొరేషన్ చేశారు. ఇళ్ళు ముందొచ్చాయి, నీళ్ళు తర్వాతొచ్చాయి. ఎండాకాలం ట్యాంకర్ హారన్ కోసం చెవులు రిక్కించి కూర్చునే ఈ నిజాంపేటలోనే, 2016 సెప్టెంబరు వానలకు భండారీ లేఅవుట్‌లో సెల్లార్లు నీళ్ళతో నిండిపోయాయి. నీళ్ళు లేకపోయినా, ఎక్కువైనా, ఇంటి పని ఇబ్బడిముబ్బడి అయ్యేది మాత్రం ఆడవాళ్ళకే.

మా అపార్ట్‌మెంటులో వాడకానికి ఎక్కువగా బోరు నీళ్ళే. రాతి పొరల్లోంచి వచ్చే ఈ నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం లవణాలుంటాయి. తాగునీటికి భారత ప్రమాణాల సంస్థ 2012లో సవరించిన కొలతల ప్రకారం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదు, వేరే గతి లేనప్పుడు 600 దాకా ఒప్పుకోవచ్చు. మన ఇళ్ళల్లో ఈ కాఠిన్యం అంకెలుగా తెలియదు. పప్పు ఉడకకపోవడంగా, సబ్బు నురగ రాకపోవడంగా, ఊడుతున్న జుట్టుగా, ఎంత రుద్దినా పోని బకెట్టు అంచు తెల్లదనంగా తెలుస్తుంది. అంటే మళ్ళీ ఆడవాళ్ళ చేతులకే ముందు తెలుస్తుంది. నీళ్ళు వేడెక్కినప్పుడు ఆ లవణాలు విడిపోయి సున్నపు పొరగా పేరుకుంటాయి. అందుకే గీజరులోనూ, వేడి నీళ్ళు వచ్చే వైపు కుళాయిల్లోనూ అది మరీ ఎక్కువ.

మా స్నానాలగదిలో షవర్ కుళాయి బిగుసుకుపోయింది ఈ సున్నంతోనే.

ఆ కుళాయిని డైవర్టర్ అంటారు. ఒక పిడితో చన్నీళ్ళూ వేన్నీళ్ళూ కలుపుకుంటాం. దాని కింద ఉన్న చిన్న గుబ్బ తిప్పితే నీళ్ళు పై షవర్‌కో, చేతితో పట్టుకునే హ్యాండ్ షవర్‌కో మళ్ళుతాయి. ఆ గుబ్బ కదలడం మానేసింది. నీళ్ళు పై షవర్‌లోంచి తప్ప రావు, కట్టేసినా బొట్టు బొట్టుగా కారుతూనే ఉంటాయి. చాలా ఇళ్ళల్లో ఇది చిన్న విషయం. బకెట్టూ మగ్గూ ఉండనే ఉన్నాయి. మా ఇంట్లో చిన్న విషయం కాదు. మా అమ్మకు 78 ఏళ్ళు. తుంటి ఎముకకు ఆపరేషన్ అయ్యాక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునే స్నానం చేస్తుంది. మగ్గు ఎత్తి పోసుకోవడానికి భుజం లేవదు. హ్యాండ్ షవర్ చేతికిస్తే మాత్రం ఎవరి సాయమూ అక్కర్లేదు. తలుపు దగ్గరికి వేసుకుని, తన స్నానం తను చేసుకుని, చీర కట్టుకుని బయటికొస్తుంది.

ఆ కుళాయి పనిచెయ్యని 18 రోజులూ నేనే పోశాను. పొయ్యడం నాకేమీ కష్టం కాదు. కానీ అమ్మ గోడవైపు తిరిగి కూర్చునేది. "నువ్వు కళ్ళు మూసుకుని పొయ్యవే" అనేది. నవ్వుతూనే అనేది గానీ అందులో నవ్వు లేదు. నాలుగో రోజునుంచి "ఇవాళ చెమట పట్టలేదులే, రేపు చేస్తాను" అనడం మొదలుపెట్టింది. ముసలితనంలో స్త్రీకి తన ఒంటి మీద మిగిలే ఆఖరి అధికారం ఇదే కాబోలు, ఎవరూ చూడకుండా స్నానం చెయ్యగలగడం. దాన్ని ఒక రబ్బరు రింగూ కాస్త సున్నమూ కలిసి తీసేసుకోగలవు.

ప్లంబర్‌ని పిలిచాను. కుర్రవాడు, ఒడిశావాడు. గుబ్బ అటూ ఇటూ తిప్పి చూశాడు. పళ్ళెం తీసి లోపలికి టార్చి వేశాడు. తర్వాత నా వెనక ఎవరైనా ఉన్నారేమోనని చూసి, "సార్ ఎప్పుడొస్తారు మేడమ్?" అన్నాడు. సార్ లేరని చెప్పాను. "అయితే ఎవరితో మాట్లాడాలి?" అన్నాడు. నాతోనే అన్నాను. ఇబ్బందిగా చెప్పాడు. ఇది కట్టినప్పుడే చాలా లోతుగా పెట్టేశారు. పైగా తర్వాత టైల్స్ మీద ఇంకో వరస టైల్స్ అతికించారు. లోపలి నట్టు గోడలోకి రెండంగుళాలకు పైగా ఉంది, తన పానా అక్కడికి పోదు. గోడ పగలగొట్టి మొత్తం మార్చాలి. టైల్స్‌తో కలిపి 14 వేలు, నాలుగు రోజులు.

అతన్ని తప్పు పట్టను. ఒడిశాలో కేంద్రపడా జిల్లానుంచి దేశం నలుమూలలకూ ప్లంబర్లు వెళ్తారు. వాళ్ళ పెద్దవాళ్ళు కలకత్తాకు వలస పోయి నేర్చుకున్న పని అది. ఆ జిల్లాలోని పట్టాముండైలో ఇప్పుడు ప్లంబింగ్ నేర్పే ప్రభుత్వ సంస్థ కూడా ఉంది. అయినా ఎక్కువగా ఆ విద్య బాబాయి వెంట, బావమరిది వెంట, ఊరివాడి వెంట నడిచి వచ్చేదే. మగవాడి చేతిలోంచి మగవాడి చేతిలోకి. ఆ కుర్రవాడు చూసింది సార్‌లతో మాట్లాడే లోకాన్నే. అతనికి రోజు గడవాలంటే ఒక్కో ఇంట్లో గంటకంటే ఎక్కువ నిలబడలేడు. నాకు ఓపికా సమయమూ ఉన్నాయి, అవసరం ఉంది. అందుకని అతన్ని ఒకటే అడిగాను, ఆ నట్టు ఏ సైజు, దాన్ని అందుకునే పనిముట్టు అసలు ఉందా అని. కాస్త ఆలోచించి, గొట్టం లాంటి బాక్స్ స్పానర్ దొరికితే పోతుందేమో అన్నాడు. సైజు కాయితం మీద రాసిచ్చాడు. వచ్చినందుకు డబ్బులిచ్చి పంపించాను.

రాణీగంజ్‌లో పనిముట్ల దుకాణాలు వరసగా ఉంటాయి. మొదటి రెండు చోట్ల "మీ ప్లంబర్‌ని పంపండి మేడమ్" అన్నారు. మూడో దుకాణంలో పెద్దాయన ఏమీ అడక్కుండా స్పానర్ తీసి బల్ల మీద పెట్టాడు. బోలుగా ఉన్న ఇనప గొట్టం, కొసన ఆరు పలకలు, వెనక అడ్డంగా దూర్చే కడ్డీ. ఇంతే. ఇది లేకే నాలుగు రోజులు గోడ పగలాల్సి వచ్చింది!

అసలు కష్టం నీళ్ళు కట్టెయ్యడం దగ్గర మొదలైంది. మా ఫ్లాటుకు విడిగా వాల్వు ఉంది, కానీ అది డక్టులో ఉంది. డక్టంటే రెండు స్నానాలగదుల మధ్య కిందినుంచి మీది దాకా వదిలిన రెండడుగుల సందు. పైపులన్నీ అందులోంచే దిగుతాయి. దానికి తలుపు లేదు. వెంటిలేటర్ అద్దాలు తీసి చెయ్యి చాపినా వాల్వు జానెడు దూరంలో ఉంటుంది. ఎవరైనా తాడు కట్టుకుని దిగాలి. లేదంటే డాబా మీద ట్యాంకు దగ్గర ఆ వరస మొత్తానికీ ఉన్న గేట్ వాల్వు కట్టెయ్యాలి. డాబా మీద పద్నాలుగు వాల్వులున్నాయి. ఒక్కదాని మీదా పేరు లేదు. అసోసియేషన్ సెక్రటరీని అడిగితే బిల్డర్ దగ్గర డ్రాయింగ్ ఉండాలన్నారు. బిల్డర్ ఫోను ఎత్తడు.

"నాకెర్కే గదమ్మా" అంది వాచ్‌మన్ భార్య. "గీ కోనకున్నది మీ లైను. మీ కింద రెండిండ్లు, మీద ఒకటి. పొద్దుగాల పదకొండు అయినంక బందు చేద్దాం, అప్పటికి అందరి స్నానాలైతయి."

ఆమె పాలమూరు నుంచి వచ్చింది. ఈ బిల్డింగు కట్టేటప్పుడు ఇక్కడే ఇటుకలూ ఇసకా మోసింది. కట్టడం అయ్యాక భర్తకు వాచ్‌మన్ పని దొరికితే సెల్లార్‌లో గదిలో ఉండిపోయారు. రోజూ తెల్లవారుజామున బోరు మోటారు వేసేదీ, సంపు నిండిందో లేదో చూసేదీ, ట్యాంకరు వస్తే పైపు పట్టించేదీ, ఏ వరసకు నీళ్ళు తగ్గితే ఆ వాల్వు తిప్పేదీ ఆమే. పైపులు గోడల్లోకి పోకముందు వాటిని కళ్ళతో చూసింది ఈ బిల్డింగులో ఇప్పుడు ఆమె ఒక్కతే. దాచిపెట్టిన ప్లంబింగ్ మొత్తం ఆమె తలలో ఉంది. కానీ ఆమె ఎవరికైనా 'వాచ్‌మన్ భార్య'. జీతం రిజిస్టరులో ఉండేది ఒక్క పేరే, ఇద్దరి పనికీ ఒక్క జీతమే.

ఆమె వాల్వు కట్టేసింది. నేను గీజరు స్విచ్చి తీసేసి, దాని నీళ్ళ వాల్వు మూసి, కింది కుళాయి తిప్పి గొట్టంలో మిగిలిన నీళ్ళు వదిలేశాను. పిడి కింద చిన్న మూత ఉంటుంది. అది లేపితే లోపల మర. దాన్ని మూడు మిల్లీమీటర్ల ఆలెన్ కీతో వదులు చేస్తే పిడి ఊడొచ్చింది. పళ్ళెం వెనక ఉన్న తెల్ల సిమెంటు గోకి, క్రోమియం గొట్టం తీశాను. లోపల ఇత్తడి నట్టు కనిపించింది, సున్నంలో కూరుకుని. గుబ్బ వైపూ అంతే.

బాత్రూం యాసిడ్ పోస్తే ఒక్క నిమిషంలో కరిగిపోతుందని ఎవరైనా చెప్తారు. కరుగుతుంది, దాంతోపాటు క్రోమియం పూతనూ ఇత్తడినీ కూడా తినేస్తుంది. గుమ్మంలో వాకర్ పట్టుకుని నిలబడ్డ మా అమ్మ, "ఇత్తడే కదే, చింతపండు పెట్టు" అంది. యాభై ఏళ్ళు బిందెలూ గంగాళాలూ తోమిన మనిషి ఆవిడ. చింతపండులో పులుపు ఉంది గానీ, పీచూ పిప్పీ లోపలికి పోతే ఆ సన్నటి దారుల్లో అడ్డం పడతాయి. అదే జాతికి చెందిన నిమ్మ ఉప్పు వేడి నీళ్ళలో కలిపి, గుడ్డ పేలికలు తడిపి నట్టు చుట్టూ కుక్కాను. చిన్న బుడగలు వచ్చాయి. పులుపు తగిలి సున్నం కరుగుతుంటే బొగ్గుపులుసు వాయువు వెళ్ళిపోవడం అది. తరగతిలో పిల్లలకు చెప్పే రసాయనశాస్త్రం. అమ్మ నేర్చుకున్నదీ అదే శాస్త్రం, కాకపోతే దానికి ఎవరూ ఆ పేరు పెట్టలేదు.

మూడు గంటలు నానాక స్పానర్ దూర్చి తిప్పితే నట్టు కిర్రుమని వదిలింది. లోపలి కార్ట్రిడ్జి బాగానే ఉంది. డైవర్టర్ కడ్డీకి ఉన్న రెండు ఓ రింగుల్లో ఒకటి తెగి ఉంది. కడ్డీని నిమ్మ ఉప్పు నీళ్ళలో వేసి, పాత పళ్ళ బ్రష్షుతో తోమాను. ఓ రింగు నమూనాగా పట్టుకెళ్ళి కూకట్‌పల్లిలో అలాంటివే తెచ్చాను. పదేసి రూపాయలు. వాటికి సిలికాన్ గ్రీజు రాయాలి. కొబ్బరినూనె లాంటివి రాస్తే కుళాయిల్లో వాడే కొన్ని రకాల రబ్బరు ఉబ్బిపోయి గుబ్బ మళ్ళీ బిగుసుకుంటుంది. అన్నీ తీసిన వరసకు తిరగేసి బిగించేసరికి సాయంత్రం నాలుగయింది. వాచ్‌మన్ భార్య మీద వాల్వు ఒక్కసారిగా కాకుండా కొంచెం కొంచెంగా తిప్పింది, గొట్టాల్లో గాలి పోవడానికి. గుబ్బ తిప్పితే హ్యాండ్ షవర్‌లోంచి నీళ్ళొచ్చాయి. అమ్మ మర్నాటిదాకా ఆగలేదు. ఆ సాయంత్రమే స్నానానికి వెళ్ళి తలుపు వేసుకుంది.

ఇందులో నా నేర్పు ఏముందని ఆలోచించాను. పెద్దగా ఏమీ లేదు. పనిముట్టు దొరికింది, నీళ్ళ దారి తెలిసిన మనిషి దొరికింది, అంతే. ఈ రెండూ అందకుండా చెయ్యడమే మనల్ని దూరంగా ఉంచడం. 'అందని చోటు' ప్రకృతి ఇచ్చింది కాదు. ఎవరో ఒక రోజు, ఇక్కడ తలుపు అక్కర్లేదు, వాల్వు ఇక్కడ చాలు, నట్టు ఇంత లోతుంటే ఏం, అని నిర్ణయించారు. ఎవరో వచ్చి బాగుచేస్తారులే అనుకున్నారు. ఆ 'ఎవరో' మగవాడు, బలమైనవాడు, తాడు కట్టుకుని సందులోకి దిగేవాడు. ఆ ఇంట్లో ఉండే స్త్రీ వాళ్ళ ఊహలోకే రాలేదు.

దీనికి తిరుగు ఉదాహరణ మన ఊళ్ళ బోరింగుల్లోనే ఉంది. 1970లలో రూపొందిన ఇండియా మార్క్ 2 చేతిపంపు దేశమంతా పాకింది. గట్టి పంపే. కానీ దాని అడుగున అరిగే చిన్న వాషర్ మార్చాలంటే బావిలోంచి పైపులన్నీ పైకి లాగాలి. బరువైన పనిముట్లూ బండీ మనుషులూ మండల కేంద్రంనుంచి రావాలి. వాళ్ళొచ్చేదాకా బిందెలు మోసుకుంటూ ఇంకో ఊరి దాకా నడిచేది ఆడవాళ్ళు. 1980లలో కోయంబత్తూరు ప్రాంతంలో పరీక్షించి మార్క్ 3 తయారుచేశారు. 32 మిల్లీమీటర్ల పైపు స్థానంలో 65 మిల్లీమీటర్ల పైపు పెట్టారు. దాంతో పైపులు కదపకుండా లోపలి పిస్టన్‌ను మీదికి లాగి, వాషర్ మార్చి, మళ్ళీ దించెయ్యొచ్చు. ఊరివాళ్ళే చేసుకోవచ్చు. పైపు వెడల్పు మారితే బాగుచేసే అధికారం ఎవరిదో కూడా మారిందన్నమాట.

అలాగని రూపకల్పన మారేదాకా స్త్రీలు ఆగలేదు. 1989లో మొదలైన మహిళా సమాఖ్య కార్యక్రమం కింద, 1990ల తొలి సంవత్సరాల్లో ఉత్తరప్రదేశ్‌లోని బాందా జిల్లాలో, చదువురాని దళిత, ఆదివాసీ స్త్రీలు చేతిపంపుల మెకానిక్కులయ్యారు. పైపులు లాగారు, పానాలు పట్టారు. ఆడవాళ్ళ ఒంటికి ఈ బరువు ఆగదన్నవాళ్ళు, తలమీద ఇటుకల తట్టతో నాలుగంతస్తులు ఎక్కే ఆడమనిషిని ఎన్నడూ ఆపలేదు. పాలమూరు కూలీల్లో ఆడది ఎన్నేళ్ళు పనిచేసినా తట్ట మోసేదే, తాపీ పట్టిన మగవాడు మేస్త్రీ అవుతాడు. సమాన వేతన చట్టం 1976లోనే వచ్చింది. తాపీ మాత్రం చేతులు మారలేదు. అడ్డం బరువు కాదు. బరువుకూ నేర్పుకూ మధ్య గీసిన గీత అడ్డం.

ఇప్పుడు కొత్త ఇల్లు కొనుక్కునే స్నేహితురాళ్ళకు నేనొకటే చెప్తున్నాను. వంటగది ప్లాట్‌ఫాం రంగు అడిగినంత గట్టిగా, వాల్వులెక్కడున్నాయో అడగండి. టైల్స్ అతికించకముందు గోడలకు ఫోటోలు తీసుకోండి. డక్టుకు తలుపు పెట్టమనండి. స్నానాలగది బయట, మీ భుజం ఎత్తులో, చన్నీళ్ళకొకటి వేన్నీళ్ళకొకటి వాల్వు పెట్టమనండి. "అవన్నీ సార్‌తో మాట్లాడతాం" అంటే, కుర్చీలోంచి లేవకండి.

మా అపార్ట్‌మెంటులో ఆ పద్నాలుగు వాల్వులకూ ఇప్పుడు పెయింటుతో అంకెలున్నాయి. ఆమె చెప్తుంటే నేను రాశాను. ఏ అంకె ఏ ఇళ్ళదో రాసిన అట్ట మెట్ల దగ్గర వేలాడుతోంది. దాన్ని చూసి అందరూ మెచ్చుకున్నారు. అసోసియేషన్ మీటింగులో నేను రెండో మాట కూడా అన్నాను, నీళ్ళ పనికి ఆమె పేరు మీద విడిగా జీతం ఇవ్వాలని. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఎప్పటినుంచో ఉన్న పద్ధతి అన్నారు ఒకరు. భర్తకిస్తే ఆమెకిచ్చినట్టే కదా అన్నారు ఇంకొకరు. వచ్చే మీటింగులో చూద్దామని సెక్రటరీగారు పుస్తకంలో రాసుకున్నారు. ఆ మీటింగు రెండో ఆదివారం. పక్క బ్లాకులో ఇద్దరు ఆడవాళ్ళు కూడా నాతో వస్తామన్నారు. ఈసారి ఆమెను కూడా కూర్చోబెట్టుకుని మాట్లాడతాం.